మీ ఒంట్లో ఏ నూనె ఉంది?

పల్లీనూనె తింటే కొలెస్ట్రాల్ పెరుగుతుందా? నెయ్యి మానేస్తే గుండె పదిలమేనా? ప్యాకెట్ మీద 'కొలెస్ట్రాల్ లేదు' అని రాసి ఉంటే చాలా? మనం తిన్న కొవ్వు రక్తంలో ఏం చేస్తుందో, చివరికి ఒంట్లో ఎక్కడ చేరుతుందో తెలుసుకోవడానికి సికింద్రాబాద్ తార్నాకలోని శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి పరిశోధనలు చేశారు. ఆ కథే ఇది.

నెల మొదటి వారం. మోండా మార్కెట్ కావచ్చు, మీ వీధి చివర కిరాణా కొట్టు కావచ్చు. బియ్యం, కందిపప్పు, చింతపండు... సరకుల చీటీ గబగబా సాగిపోతుంది. నూనె దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతుంది. 'పల్లీనూనె లేకపోతే కూరకు రుచేముంది?' అంటుంది నాయనమ్మ. 'డాక్టరు సన్‌ఫ్లవర్ వాడమన్నారుగా' అంటాడు కొడుకు. కోడలేమో గానుగనూనె గురించి ఫోన్లో చూసిన వీడియో గుర్తుచేస్తుంది. పక్కింటివాళ్లు రైస్‌బ్రాన్‌కి మారి ఆర్నెల్లయింది. చివరికి ఆ నెల ఏది చవగ్గా ఉంటే అది సంచిలోకి వస్తుంది!

ఇంత చర్చ జరగడం మంచిదే. ఎందుకంటే, మనదేశంలో 20 ఏళ్లు దాటినవారిని పరీక్షించిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం ఫలితాలు 2023లో వచ్చాయి. వాటి ప్రకారం నూటికి 81 మంది రక్తంలోని కొవ్వుల్లో ఏదో ఒక తేడా ఉంది. అంటే, ఇంటికి నలుగురు పెద్దలుంటే ముగ్గురి సంగతి ఇదే అన్నమాట. చిక్కల్లా ఎక్కడొచ్చిందంటే... చర్చంతా నూనె పేరు మీదే జరుగుతుంది. ఆ నూనెలో ఏముందన్న దాని మీద జరగదు.

అబద్ధం కాదు... కానీ!

ముందు కొలెస్ట్రాల్ సంగతి చూద్దాం. ఇది శత్రువేమీ కాదు. కణాల పైపొరకీ, కొన్ని హార్మోన్లకీ, జీర్ణానికి పనికొచ్చే పైత్యరసానికీ, ఎండలో నిలబడితే చర్మంలో తయారయ్యే విటమిన్-డికీ ఇదే ముడిసరకు. అందుకే శరీరం దీన్ని బయటి నుంచి ఎవరో పెడతారని ఎదురుచూడదు. కావలసినదాంట్లో ఎక్కువ భాగాన్ని కాలేయమూ, ఇతర కణాలూ కలిసి తయారుచేసుకుంటాయి.

ఆహారంలో కొలెస్ట్రాల్ లెక్కపెట్టదగ్గంతగా ఉండేది మాంసం, గుడ్డు, పాలు, నెయ్యి, వెన్న లాంటి జంతు సంబంధ పదార్థాల్లోనే. గింజల నుంచి తీసిన ఏ నూనెలోనూ అది ఉండదనే చెప్పాలి. కాబట్టి వంటనూనె ప్యాకెట్ మీద 'కొలెస్ట్రాల్ లేదు' అని రాయడం అబద్ధం కాదు. కాకపోతే, దానివల్ల మనకు తెలిసేదీ ఏమీ లేదు. ఆ మాట కొబ్బరినూనెకీ వర్తిస్తుంది, పామోలిన్‌కీ వర్తిస్తుంది, డాల్డాకీ వర్తిస్తుంది! అసలు చూడాల్సింది మనం తినే కొవ్వు ఏ రకానిదీ, అది మన కాలేయం చేత ఏం చేయిస్తుందీ అన్నదే.

రక్తం నీళ్లలాంటిది. కొవ్వు అందులో కరగదు. అందుకే కొలెస్ట్రాల్ ప్రొటీన్ మూటల్లో కూర్చుని ప్రయాణిస్తుంది. ఎల్‌డీఎల్ అనే మూట కొలెస్ట్రాల్‌ను కణాలకు చేరవేస్తుంది. ఎక్కువైతే రక్తనాళాల గోడల్లో దిగబడిపోతుంది. అందుకే దానికి 'చెడు' అన్న పేరొచ్చింది. హెచ్‌డీఎల్ మిగులు కొలెస్ట్రాల్‌ని వెనక్కి తెస్తుంది కాబట్టి 'మంచి'దయింది. రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ను లాక్కునే గ్రాహకాలు కణాల మీద ఉంటాయని కనిపెట్టిన మైఖేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ బహుమతి ఇచ్చారు. వెన్న, నెయ్యి, పామాయిల్ వంటి వాటిలో ఉండే సంతృప్త కొవ్వు ఎక్కువగా తింటే కాలేయంలో ఈ గ్రాహకాల పని మందగిస్తుంది. ఎల్‌డీఎల్ రక్తంలోనే ఉండిపోతుంది. అంటే నెయ్యి విషయంలో ఆలోచించాల్సింది అందులో ఉన్న కాస్త కొలెస్ట్రాల్ గురించి కాదు, మూడింట రెండొంతులు ఉన్న సంతృప్త కొవ్వు గురించి.

ఒళ్లే చిట్టా

కొవ్వు కథ రక్తపరీక్షతోనే అయిపోదు. అన్నం తింటే అది గ్లూకోజుగా మారి ఖర్చయిపోతుంది. కొవ్వు అలా కాదు. అది కొవ్వు ఆమ్లాలుగా విడిపోయి, కొంత ఖర్చయినా, మిగిలింది ఉన్నది ఉన్నట్టుగా కణాల పొరల్లో ఇటుకల్లా చేరుతుంది. ఇంకా మిగిలితే పొట్ట మీదా నడుము మీదా నిల్వ ఉంటుంది. శరీరం సంతృప్త కొవ్వులనీ, ఒలీయిక్ ఆమ్లాన్నీ సొంతంగా తయారుచేసుకోగలదు. రెండింటిని మాత్రం ఎంతమాత్రం చేసుకోలేదు. ఒకటి, లినోలియిక్ ఆమ్లం. ఒమేగా-6 కుటుంబానికి పెద్ద. రెండోది, ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం. ఒమేగా-3 కుటుంబానికి పెద్ద. ఈ రెండూ ఆహారం ద్వారానే రావాలి. కాబట్టి ఒంట్లోని కొవ్వును కాస్త తీసి పరీక్షిస్తే ఆ మనిషి ఇంట్లో ఏ నూనె వాడుతున్నారో చాలావరకు చెప్పేయొచ్చు!

ఎర్రరక్తకణం ఆయుష్షు 120 రోజులు. దాని పైపొర గడిచిన మూణ్నాలుగు నెలల భోజనం గురించి చెబుతుంది. పొట్ట కింద కొవ్వు జ్ఞాపకం అంతకంటే ఎక్కువ. దానిది ఏళ్ల లెక్క. 1959లో అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో మాజీ సైనికుల వసతి గృహంలో 846 మంది మీద ఓ ప్రయోగం మొదలైంది. సగం మందికి మామూలు భోజనం. మిగతావారికి అదే భోజనం, వెన్నకీ జంతువుల కొవ్వుకీ బదులు మొక్కజొన్న, సోయా, కుసుమ లాంటి గింజల నూనెలు. నూనెలు తిన్నవారి ఒంటి కొవ్వులో మొదట్లో లినోలియిక్ ఆమ్లం సుమారు 11 శాతం ఉండేది. అయిదేళ్లయ్యేసరికి అది మూడోవంతుకి చేరింది! వారి రక్తంలో కొలెస్ట్రాల్ తగ్గింది. గుండె, రక్తనాళాల జబ్బులూ తగ్గాయి. కానీ మొత్తం మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఒక నూనెని పట్టుకుని అదే అమృతం అనుకోకూడదని ఆనాడే తేలిపోయింది.

ఏది ఏం చేస్తుంది?

ప్రకృతిలో దొరికే ఏ కొవ్వయినా ఒకే రకం కాదు, మిశ్రమమే. ఆ మిశ్రమంలో ఏది ఎక్కువుందో అదే దాని గుణం. సంతృప్త కొవ్వులో లారిక్, మిరిస్టిక్, పామిటిక్ ఆమ్లాలు ఎల్‌డీఎల్‌ను పెంచుతాయి. కొబ్బరినూనెలో ఎక్కువగా ఉండే లారిక్ ఆమ్లం హెచ్‌డీఎల్‌నీ పెంచుతుంది. అయినంత మాత్రాన ఎల్‌డీఎల్ పెరగడం వల్ల వచ్చే చిక్కు పోదు. స్టియరిక్ ఆమ్లం మాత్రం కొలెస్ట్రాల్ జోలికి పెద్దగా పోదు.

పల్లీ, నువ్వుల నూనెల్లో బాగా ఉండే ఒలీయిక్ ఆమ్లం, సంతృప్త కొవ్వు స్థానంలో చేరితే ఎల్‌డీఎల్‌ను కొంత తగ్గిస్తుంది. పొద్దుతిరుగుడు, కుసుమ నూనెల్లోని లినోలియిక్ ఆమ్లం ఇంకాస్త ఎక్కువ తగ్గిస్తుంది. చేపల్లోని ఒమేగా-3లు ట్రైగ్లిజరైడ్లను తగ్గిస్తాయి. ఇక్కడ 'స్థానంలో' అన్న మాట ముఖ్యం. నెయ్యి మానేసి ఆ లోటును ఇంకో గరిటెడు అన్నంతోనో, నాలుగు బిస్కెట్లతోనో తీర్చుకుంటే ఎల్‌డీఎల్ తగ్గొచ్చు గానీ హెచ్‌డీఎల్ కూడా తగ్గుతుంది. ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి. అన్నమే ప్రధానంగా తినే మన ఇళ్లల్లో చాలామంది రక్తపరీక్ష కాగితాల్లో కనిపించే తేడా సరిగ్గా ఇదే.

తార్నాక ఏం చెప్పింది?

ఇవన్నీ పాశ్చాత్య దేశాల్లో తేలిన సంగతులు. అక్కడి పళ్లెం వేరు, మన కంచం వేరు. మరి మన సంగతి? దానికి జవాబు వెతికింది తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ... అందరూ 'ఎన్ఐఎన్' అని పిలిచే సంస్థ. 1918లో తమిళనాడు కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ చిన్న ప్రయోగశాలగా మొదలుపెట్టిన దీన్ని 1958లో ఇక్కడికి తరలించారు. 1969లో ఇప్పుడున్న పేరు పెట్టారు. మన నూనెల మీద ఇక్కడ దశాబ్దాల పాటు పనిచేసిన జీవరసాయన శాస్త్రవేత్త డాక్టర్ గఫూరున్నీసా.

రేషన్ షాపుల్లో పామోలిన్ ఇచ్చిన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. 'అది తింటే గుండెజబ్బులొస్తాయట' అన్న భయం కూడా దాంతోపాటే ఇంటింటికీ చేరింది. పామోలిన్‌లో సంతృప్త కొవ్వు దాదాపు 40 శాతం. పల్లీనూనెలో 20 శాతం పైచిలుకు. కాబట్టి భయం సహజమే. గఫూరున్నీసా బృందం ఆరోగ్యవంతులైన వలంటీర్లకు మన తరహా భోజనమే పెట్టి, పల్లీనూనె బదులు పామోలిన్ వాడి చూసింది. 1995లో ప్రచురించిన ఫలితం అందరినీ ఆశ్చర్యపరిచింది. రక్తంలోని కొవ్వుల మీదా, రక్తం గడ్డకట్టే తీరు మీదా రెండు నూనెల ప్రభావం ఇంచుమించు ఒకటే!

అదెలా? జవాబు నూనె గిన్నెలో కాదు, అన్నం గిన్నెలో ఉంది. బియ్యం, గోధుమలు, జొన్నలు, పప్పులు... వీటన్నింటిలోనూ కంటికి కనపడని కొవ్వు కొంత ఉంటుంది. విడిగా చూస్తే చాలా తక్కువే. కానీ మనం రోజుకు తినే తిండిగింజల పరిమాణం ఎక్కువ కాబట్టి మొత్తం కలిపితే లెక్కలోకి వస్తుంది. పైగా అందులో ఎక్కువ భాగం లినోలియిక్ ఆమ్లమే. అంటే పామోలిన్‌లో ఉన్న లోటును కొంతవరకు మన అన్నం, పప్పే పూడ్చేస్తున్నాయి. మన భోజనంలో కొలెస్ట్రాల్ తక్కువగా ఉండటమూ కలిసొచ్చింది.

అలాగని పామోలిన్ ఎంతయినా వాడొచ్చనుకుంటే పొరపాటు. వివిధ దేశాల్లో జరిగిన ప్రయోగాలన్నింటినీ కలిపి చూస్తే, సంతృప్త కొవ్వు తక్కువున్న నూనెలతో పోల్చినప్పుడు పామాయిల్ ఎల్‌డీఎల్‌ను కొంత పెంచుతుందనే తేలింది. కూరలో చెంచాడు వేసుకోవడం వేరు. కూరతోపాటు చిప్స్, మిక్చర్, బిస్కెట్, బజ్జీ అన్నింట్లోనూ అదే తినడం వేరు.

పశువుల తొట్టిలోంచి వంటింట్లోకి

పామోలిన్‌కు ఆ ఫలితం రాకముందే అదే సంస్థలో ఇంకో ముచ్చట జరిగింది. వరి పండే మన నేల మీద తవుడుకి కొదవేముంది? దాన్ని పశువులకు పెట్టడమే తెలుసు. ఎన్ఐఎన్ శాస్త్రవేత్తలు రఘురామ్, రుక్మిణి తదితరులు తవుడు నూనెను రక్తంలో కొవ్వు ఎక్కువగా ఉన్నవారికి ఇచ్చి చూశారు. కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్లు తగ్గాయని 1989లో ప్రకటించారు. కొవ్వు ఆమ్లాల లెక్క చూస్తే తవుడు నూనె పల్లీనూనెకు దగ్గర చుట్టమే. కానీ అందులో ఒరైజనాల్, స్టెరాల్స్ లాంటివి అదనంగా ఉన్నాయి. పేగుల్లో కొలెస్ట్రాల్ ఒంటికి పట్టకుండా అడ్డుకునే గుణం వాటిది. తార్నాకలోనే ఉన్న భారత రసాయన సాంకేతిక సంస్థ తవుడు నూనెను ఎంజైముల సాయంతో శుద్ధిచేసే పద్ధతిని రూపొందించింది. ఒకే దారిలో ఉన్న రెండు సంస్థలు కలిసి తవుడుకి ఇంత గౌరవం తెచ్చాయన్నమాట.

రైల్వేల లెక్క

కొవ్వు ఎంత తింటున్నారన్న దాంతోనే గుండె లెక్క తేలదనడానికి ఇంకో సాక్ష్యం రైల్వేల దగ్గరుంది. సికింద్రాబాద్ అంటేనే రైల్వే ఊరు కదా! దేశవ్యాప్తంగా ఒకే తరహా ఉద్యోగాలు, ఒకే తరహా వైద్యసేవలు ఉన్న రైల్వే సిబ్బంది రికార్డులను డాక్టర్ ఎస్.ఎల్.మల్హోత్రా పరిశీలించి 1967లో ఓ వ్యాసం ప్రచురించారు. ఉత్తరాదివారు దక్షిణాదివారి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ కొవ్వు తింటున్నారు. అదీ ఎక్కువగా పాలు, నెయ్యి రూపంలో. కానీ గుండెజబ్బు మరణాలు దక్షిణాదిలోనే ఏడు రెట్లు ఎక్కువ! నెయ్యిప్రియులకు ఇది పండగలాంటి వార్తే. కానీ తొందరపడకూడదు. పొగతాగడం, శారీరక శ్రమ, జబ్బును గుర్తించడంలో తేడాలు లాంటివెన్నో ఈ అంకెల వెనక ఉండొచ్చు. ఇలాంటి లెక్క కారణాన్ని చూపించదు, ప్రశ్నను మాత్రం లేవనెత్తుతుంది. 'కొవ్వు తగ్గించండి' అన్న ఒక్క మాటతో పని జరగదని మాత్రం చెప్పింది.

అసలు దోషి

నూనెల్లో ఏది మంచిదన్న దాని మీద శాస్త్రవేత్తలు వాదించుకోవచ్చు గానీ, ఒక్కదాని విషయంలో అందరిదీ ఒకటే మాట. అది ట్రాన్స్‌ఫ్యాట్. ద్రవంగా ఉండే నూనెలోకి హైడ్రోజన్ పంపి గడ్డకట్టిస్తే వనస్పతి అవుతుంది. 1937లో మార్కెట్లోకి వచ్చిన 'డాల్డా' పేరే దానికి మారుపేరయింది. నెయ్యి కొనలేనివారికి అదే నెయ్యి. పెళ్లిళ్ల లడ్డూలకూ, బేకరీ బిస్కెట్లకూ, పఫ్‌లకూ అదే దిక్కు. అలా గడ్డకట్టించేటప్పుడు పుట్టేదే ట్రాన్స్‌ఫ్యాట్. 1990లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు మెన్సింక్, కటాన్ దీని గుట్టు విప్పారు. సంతృప్త కొవ్వులాగే ఇది ఎల్‌డీఎల్‌ను పెంచుతుంది. అది చాలదన్నట్టు హెచ్‌డీఎల్‌ను తగ్గిస్తుంది కూడా!

ఎన్ఐఎన్ శాస్త్రవేత్తలు ఇంకో అడుగు ముందుకేశారు. ఎలుకలకు ట్రాన్స్‌ఫ్యాట్ ఉన్న ఆహారం పెట్టి 2005లో ఫలితాలు వెల్లడించారు. ఆ కొవ్వు ఎలుకల కొవ్వుకణాల పైపొరల్లోనే చేరిపోయింది. దాంతో ఆ కణాలు ఇన్సులిన్ మాట వినడం తగ్గించేశాయి. సంతృప్త కొవ్వు కంటే కూడా దీని ప్రభావమే ఎక్కువ. ఎలుకల్లో కనిపించిందంతా మనుషుల్లో జరగాలని లేదు. కానీ మధుమేహం ఇంటింటికీ చుట్టమైన ఊళ్లో ఇది కొట్టిపారేయదగ్గ సంగతీ కాదు.

మంచి కబురేంటంటే, చట్టం కదిలింది. మనదేశంలో నూనెలు, కొవ్వుల్లో ట్రాన్స్‌ఫ్యాట్ పరిమితిని అంచెలంచెలుగా తగ్గిస్తూ 2021లో 3 శాతానికీ, 2022 జనవరి నుంచి 2 శాతానికీ తెచ్చారు. అంతమాత్రాన బేకరీ మెట్లెక్కగానే నిశ్చింతగా ఉండటానికి లేదు. ట్రాన్స్‌ఫ్యాట్ తీసేసిన చోట చాలావరకు గట్టిపడే పామాయిల్ వచ్చి కూర్చుంది. ఇరానీ చాయ్‌తో ఒక ఉస్మానియా బిస్కెట్ సరదా. అరడజను అలవాటయితేనే చిక్కు.

లోటు ఎక్కడుంది?

మన ఇళ్లల్లో ఒమేగా-6కు కరవు లేదు. తిండిగింజల్లో ఉంది, వంటనూనెలో ఉంది. కరవల్లా ఒమేగా-3కే. రెండింటి నిష్పత్తి అయిదు నుంచి పదికి ఒకటి ఉండాలని పోషకాహార నిపుణుల సూచన. ఏళ్ల తరబడి ఒక్క పొద్దుతిరుగుడు నూనెనో, కుసుమనూనెనో పట్టుకుంటే ఆ తూకం పూర్తిగా ఒకవైపు ఒరిగిపోతుంది. ఒంట్లో ఈ రెండు కుటుంబాలూ ఒకే ఎంజైముల కోసం పోటీపడతాయి. ఎక్కువున్నదే నెగ్గుతుంది.

లోటు తీర్చుకోవడానికి ఖరీదైన మాత్రలే అక్కర్లేదు. తోటకూర, పాలకూర లాంటి ఆకుకూరలు, మెంతులు, సజ్జలు, అలసందలు... వీటిలో ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం ఉంది. ఇడ్లీకి నానబోసే మినుముల్లోనూ ఉంది! అన్నింటికంటే ఎక్కువ అవిసెగింజల్లో. దోరగా వేయించి, ఎండుమిర్చి, వెల్లుల్లి వేసి కొట్టిన అవిసెల కారప్పొడి రోజూ అన్నంలో మొదటి ముద్దకి కలుపుకుంటే చాలు. అయితే మొక్కల నుంచి వచ్చే ఒమేగా-3 చేపల్లో ఉండే రూపంలోకి మారడం మన ఒంట్లో చాలా తక్కువ. కాబట్టి చేపలు తినేవారు వారానికి రెండుసార్లు తినడం మంచిది. అదీ వేపుడు కాకుండా పులుసు!

ఏ నూనెలో ఏముంది?

నూటికి సుమారుగా ఇలా ఉంటాయి.

కొబ్బరినూనె: సంతృప్త కొవ్వు 90. లినోలియిక్ ఆమ్లం 2.
నెయ్యి: సంతృప్త కొవ్వు 68. లినోలియిక్ ఆమ్లం 2.
పామోలిన్: సంతృప్త కొవ్వు 39, ఒలీయిక్ వంటివి 46, లినోలియిక్ 11.
పల్లీనూనె: సంతృప్త కొవ్వు 20 పైన, ఒలీయిక్ 50 దరిదాపుల్లో, లినోలియిక్ పాతిక పైన.
తవుడు నూనె: సంతృప్త కొవ్వు 22, ఒలీయిక్ 41, లినోలియిక్ 35.
నువ్వులనూనె: సంతృప్త కొవ్వు 15, ఒలీయిక్ 42, లినోలియిక్ 42.
పొద్దుతిరుగుడు నూనె: సంతృప్త కొవ్వు 12, లినోలియిక్ 60 పైన.
కుసుమనూనె: సంతృప్త కొవ్వు 9, లినోలియిక్ 75.
ఆవనూనె: సంతృప్త కొవ్వు 8, ఒమేగా-3 10.
సోయానూనె: సంతృప్త కొవ్వు 15, లినోలియిక్ 53, ఒమేగా-3 5.

గానుగలో ఆడించినా, మిల్లులో శుద్ధిచేసినా ఈ అంకెలు మారవు. గానుగనూనెలో వాసన, రుచి, విటమిన్-ఇ లాంటివి ఎక్కువ మిగలొచ్చు. సంతృప్త కొవ్వు మాత్రం తగ్గదు.

ఇంటికి ఎన్ని లీటర్లు?

ఎన్ఐఎన్ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల ప్రకారం రోజుకు 2000 కేలరీలు తినేవారికి నూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములు చాలు. అంటే అయిదారు చెంచాలు. నలుగురున్న ఇంటికి నెలకు సుమారు మూడున్నర లీటర్లు. వచ్చే నెల సరకుల చీటీ రాసేటప్పుడు ఈ లెక్క చూసుకోండి. అయిదు లీటర్ల డబ్బా నెల తిరక్కుండానే అయిపోతుంటే, అందులో ఏ నూనె ఉందన్నది తర్వాతి ప్రశ్న. నూనె ఏదయినా గ్రాముకు 9 కేలరీలే. మంచి నూనె అని గరిటెలతో పోస్తే అదీ పొట్ట మీద కొవ్వే అవుతుంది.

ఒకే నూనెకు కట్టుబడొద్దన్నది కూడా ఆ సంస్థ ఎప్పట్నుంచో చెబుతున్న మాటే. తాలింపుకి పల్లీనూనెయితే, కూరకి తవుడు నూనె. ఒక నెల నువ్వులనూనె, ఇంకో నెల సోయా లేదా ఆవనూనె. పప్పన్నంలోకి చెంచాడు నెయ్యి, మొత్తం లెక్క దాటనంతవరకు. గారెలు, పూరీలు చేశాక మూకుట్లో మిగిలిన నూనెను మళ్లీ మళ్లీ కాచొద్దు. కాగేకొద్దీ అందులో హానికర పదార్థాలు పేరుకుంటాయి. అవి 25 శాతం దాటిన నూనెను వాడకూడదని హోటళ్లకు 2018 జులై నుంచి నిబంధనే ఉంది. ఇంట్లో కొలిచే పరికరం ఉండదు. రంగు ముదిరినా, జిగురుగా మారినా, పొగ త్వరగా వచ్చినా అదే గుర్తు.

ఇక ఇప్పటికే కొలెస్ట్రాల్‌కి మందులు వాడుతున్నవారు నూనె మార్చామని మాత్రలు ఆపేయకూడదు. వంశపారంపర్యంగా ఎల్‌డీఎల్ ఎక్కువగా ఉన్నవారికి నూనె మార్పు ఒక్కటే సరిపోదు. డాక్టరు సలహా తప్పనిసరి.

ఈరోజు మూకుట్లో పోసిన నూనె రేపటి రక్తపరీక్షలో కనపడకపోవచ్చు. నాలుగు నెలల తర్వాత మీ రక్తకణాల్లో ఉంటుంది. రెండు మూడేళ్ల తర్వాత మీ నడుము మీద ఉంటుంది. ఆ చిట్టాలో ఏం రాయాలన్నది ఇప్పుడు మీ చేతిలోని గరిటే తేల్చాలి!